తడి రోడ్డు మీద ఆగే టైరా, లక్ష కిలోమీటర్లు తిరిగే టైరా? తక్కువ ధరలో కారు టైర్ల ఎంపిక

మన దక్షిణ ఒడిశాలో బరంపురంలో అయినా, పర్లాకిమిడిలో అయినా, రాయగడలో అయినా టైర్ల షాపుకి వెళ్ళినవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న రేటు. రెండోది, "ఎన్ని కిలోమీటర్లు వస్తుందండీ?" ఒక షాపాయన అరవై వేలంటాడు, పక్క షాపులో ఎనభై వేలంటాడు. ఎనభై అన్న చోట నాలుగు టైర్లు మార్పించుకుని ఇంటికి వస్తాం. వానలో బ్రేకు వేస్తే ఎక్కడ ఆగుతుందని మాత్రం ఎవరూ అడగరు.

సొంతానికి తిప్పుకునే కారు ఏడాదికి 6,000 కి.మీ. తిరుగుతుందనుకోండి. 60,000 కి.మీ. వచ్చే టైరు పూర్తిగా అరగడానికి పదేళ్ళు పట్టాలి. అన్నేళ్ళు టైరు మంచిగా ఉండదు. ఎండకీ, గాలిలోని ఓజోనుకీ రబ్బరు అయిదారేళ్ళకే బిగుసుకుపోవడం మొదలవుతుంది, పక్కల మీద వెంట్రుకల్లాంటి పగుళ్ళు తేలతాయి. గీతలు సగం మిగిలి ఉండగానే టైరు తీసేయాల్సి వస్తుంది. అంటే మనం డబ్బు పోసి కొన్న ఆఖరి పాతిక వేల కిలోమీటర్లు మనకి అక్కరకి రావు. పైగా వాటి కోసం వదులుకున్నది తడి రోడ్డు మీద పట్టు.

ఎందుకు వదులుకోవాలంటే, రబ్బరు గట్టిదైతే నెమ్మదిగా అరుగుతుంది గాని తారులోని సన్నని గరుకులోకి ఒదగదు. మెత్తనిదైతే ఒదుగుతుంది, తొందరగా అరుగుతుంది. సిలికా అనే ఇసుక జాతి పొడి ఎక్కువ కలిపి రెండూ కొంతవరకు సాధిస్తారు, దానికి రేటు పెరుగుతుంది. తక్కువ ధర టైరులో ఈ రెంటిలో ఒకటే బాగా దొరుకుతుంది. మీకు ఏది కావాలో షాపు మెట్లు ఎక్కకముందే తేల్చుకోవాలి.

ఇంకొక మాట. చలిదేశాల్లో వేసవి టైర్లు, చలికాలం టైర్లు, ఏడాది పొడవునా వాడేవి అని మూడు రకాలు అమ్ముతారు. మన షాపుల్లో ఆ పేర్లు వినపడవు గాని, ఇక్కడ దొరికేవి దాదాపు అన్నీ గుణాన్ని బట్టి వేసవి టైర్లే. ఆ రబ్బరు సుమారు 7 డిగ్రీల కిందికి దిగితే బిగుసుకుంటుంది. గంజాం తీరంలో ఆ బెడద లేదు. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున కోరాపుట్, సెమిలిగుడ, పొట్టంగి వైపు వెళ్ళేవాళ్ళు మాత్రం మొదటి పది, పదిహేను నిమిషాలు టైరు వేడెక్కేదాకా మలుపుల్లో నెమ్మదిగా పోవాలి. దాని కోసం వేరే టైర్లు కొననక్కర్లేదు.

ఏం చూసి ఎంచుకోవాలి

మొదటిది తడి రోడ్డు మీద ఆగడం. గంటకి 80 కి.మీ. వేగంలో వెళ్తున్న కారు, బ్రేకు పూర్తిగా నొక్కాక, తడి తారు మీద ఘర్షణ గుణకం (టైరు రోడ్డుని ఎంత పట్టుకుంటుందో చెప్పే అంకె) 0.5 ఉంటే సుమారు 50 మీటర్లలో ఆగుతుంది. అదే 0.4 ఉంటే సుమారు 63 మీటర్లు. ఇది టెస్టు ట్రాకు ఫలితం కాదు, బడిలో చెప్పే ఫిజిక్సు లెక్కే. గుణకంలో తేడా పాయింటు ఒకటి, రోడ్డు మీద తేడా పన్నెండు, పదమూడు మీటర్లు, అంటే ఒకదాని వెనక ఒకటి పెట్టిన మూడున్నర ఆల్టోలు. జాతీయ రహదారి 16 మీద ఛత్రపురం, ఇచ్ఛాపురం మధ్య ముందు లారీ ఉన్నట్టుండి ఆగినప్పుడు మీకూ దాని డాలాకీ మధ్య ఉండాల్సిన జాగా అదే.

గీతల లోతుదీ ఇందులోనే లెక్క. కొత్త కారు టైరుకి గీతలు 7, 8 మి.మీ. లోతుంటాయి. గీతల అడుగున అక్కడక్కడా అడ్డంగా చిన్న దిమ్మలు కనిపిస్తాయి, వాటి ఎత్తు 1.6 మి.మీ. ట్రెడ్, అంటే రోడ్డుకి తగిలే గీతల రబ్బరు, అరిగి ఆ దిమ్మలతో సమానమైతే టైరు అయిపోయినట్టే. అయితే వానాకాలంలో ఆ గీటు దాకా ఆగకండి. 3 మి.మీ. దగ్గరే గీతలు నీళ్ళని పక్కకి తోయలేక అవస్థ పడతాయి. టైరు నీళ్ళ మీద తేలిపోవడానికి గాలి తగ్గడం కూడా కారణమే. నీళ్ళు నిలిచిన రోడ్డు మీద బోడి టైరు ఏ వేగం దగ్గర తేలుతుందో చెప్పే పాత సూత్రం ఒకటి ఉంది. దాని ప్రకారం గాలి ఒత్తిడి 30 పీఎస్ఐ ఉంటే సుమారు 90 కి.మీ. దగ్గర, 20కి పడిపోతే సుమారు 75 దగ్గర. గాలి తక్కువున్న అరిగిన టైరు మామూలు హైవే వేగంలోనే స్టీరింగు మాట వినదు. మనకి వానలు సెప్టెంబరుతో పోవు. ఫైలిన్ 2013 అక్టోబరులో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, తిత్లీ 2018 అక్టోబరులో గజపతి జిల్లాని ముంచింది. టైర్లు మార్చేది ఉంటే జూన్‌కి ముందు మార్చండి, దసరా దాటాక అంటూ వాయిదా వేయకండి.

రెండోది పక్క, అంటే రిమ్ముకీ ట్రెడ్‌కీ మధ్య ఉండే సైడ్ గోడ. మన లోపలి రోడ్ల మీద టైర్లు అరిగి చచ్చేదానికన్నా పక్క తెగి చచ్చేదే ఎక్కువ అనిపిస్తుంది. ఎలా తెగుతుందో చూడండి. ఒంటి వరస తారు రోడ్డు, ఎదురుగా లారీ, మీరు ఎడమ చక్రాలు మట్టిలోకి దింపుతారు. తారు అంచు వానకి కోసుకుపోయి జానెడు మెట్టులా ఉంటుంది. లారీ దాటాక స్టీరింగు కొద్దిగా తిప్పి మళ్ళీ ఎక్కబోతే టైరు నేరుగా ఎక్కకుండా ఆ పదునైన అంచుకి పక్కని రుద్దుకుంటూ పోతుంది. ట్రెడ్ కింద స్టీలు తీగల పొరలున్నాయి గనక అది తట్టుకుంటుంది. పక్కలో ఉండేది ఒకటో రెండో పొరల పాలిస్టర్ దారమే. అక్కడ తెగితే అతుకు లేదు.

గోతిలో పడ్డప్పుడు జరిగేది వేరు. గోతి అంచుకీ రిమ్ముకీ మధ్య పక్క గోడ నలుగుతుంది, లోపలి దారాలు తెగుతాయి, పైన రబ్బరుకి గీత కూడా పడదు. రెండు మూడు రోజుల తర్వాత బండి కడుగుతుంటే నిమ్మకాయంత ఉబ్బు చేతికి తగులుతుంది. గాలి దిగదు, బండి మామూలుగానే నడుస్తుంది, అందుకే చాలామంది అలాగే తిప్పేస్తారు. ఆ చోట గాలిని ఆపుతున్నది ఉత్త రబ్బరు. ఎండలో హైవే ఎక్కితే పేలేది అక్కడే. ఉబ్బు వచ్చిన టైరుని స్టెప్నీగా కూడా ఉంచకండి.

పక్క ఎంత ఎత్తుంటే గోతి దెబ్బని అంత తట్టుకుంటుంది. 165/80 ఆర్14 టైరుకి (ఈ అంకెల అర్థం కింద చెప్తాను) పక్క ఎత్తు 132 మి.మీ. 175/65 ఆర్14కి 114 మి.మీ. మోహన, ఆర్.ఉదయగిరి వైపు రోజూ తిరిగేవాళ్ళకి ఈ 18 మి.మీ. విలువ తెలుసు. అందం కోసం పెద్ద రిమ్ములు, పలచని టైర్లు వేయించి అదే రోడ్డెక్కేవాళ్ళకి రిమ్ము వంగాకే తెలుస్తుంది.

మూడోది వయసు. దీని సంగతి షాపు దగ్గర చూద్దాం. ఇక కిలోమీటర్లు, మైలేజీ, చప్పుడు. ఇవి ముఖ్యం కాదని కాదు, మామూలు ఇంటి కారుకి పై మూడింటి తర్వాతే.

సైజు తప్పితే మిగతా ఎంపికంతా వృథా

టైరు పక్కన 165/80 ఆర్14 85టి అని ఉందనుకోండి. 165 అంటే మి.మీ.లలో వెడల్పు. 80 అంటే పక్క ఎత్తు ఆ వెడల్పులో ఎన్ని శాతమో. ఆర్ అంటే రేడియల్, 14 రిమ్ము అంగుళాలు. 85 బరువు సంకేతం, ఒక్కో టైరు 515 కిలోలు మోయగలదు. టి అంటే గంటకి 190 కి.మీ. వేగం దాకా సరిపోతుంది. డ్రైవరు తలుపు తెరిస్తే స్తంభం మీద కంపెనీ స్టిక్కరు ఉంటుంది, సైజు, గాలి రెండూ దాని మీదే ఉంటాయి. బరువు సంకేతం కంపెనీ ఇచ్చిన టైరుదానికంటే తగ్గకూడదు. "రెండు నంబర్లు తక్కువైనా నడుస్తుంది సార్" అనే మాట వినకండి. అయిదుగురు మనుషులు, డిక్కీలో బియ్యం బస్తా, సుంకి ఘాటు, మే నెల మధ్యాహ్నం: టైరుకి అసలు పరీక్ష అప్పుడే.

స్విఫ్టు, డిజైర్ కింది మోడళ్ళవాళ్ళు 165/80 తీసి 185/70 ఆర్14 వేయిస్తుంటారు. మొత్తం వ్యాసం 620 నుంచి 615 మి.మీ.కి వస్తుంది, స్పీడోమీటరు తేడా ఒక శాతం లోపే, ఉన్న రిమ్ముకే పడుతుంది. పొడి రోడ్డు మీద, మలుపుల్లో పట్టు పెరుగుతుంది. ప్రతిగా స్టీరింగు కాస్త బరువెక్కుతుంది, మైలేజీ కొంచెం తగ్గుతుంది, నిలిచిన నీళ్ళలో వెడల్పు టైరు కాస్త ముందే తేలుతుంది. ఘాట్లలో తిరిగేవాళ్ళకి పనికొస్తుంది, ఊళ్ళోనే తిప్పేవాళ్ళకి దండగ. సైజు మార్పు మీద వారంటీ, ఇన్సూరెన్సు పేచీలు రాకూడదనుకుంటే కంపెనీ అదే మోడలు పై రకానికి ఇచ్చే సైజులకి పరిమితం కండి.

ఏ రకం ఎలా ఉంటుంది

*ఎక్కువ కాలం వచ్చేవి.* సియట్ మైలేజ్ ఎక్స్3, అపోలో అమేజర్ 4జి లైఫ్, జేకే టాక్సీమ్యాక్స్, గుడ్‌ఇయర్ డ్యూరాప్లస్ లాంటివి. ఎక్కువ రోజులు వస్తాయన్నదే వీటిని అమ్మే మాట. టాక్సీలు తిప్పేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని చేసిన టైర్లు. పొడి రోడ్డు మీద వీటికి వంక పెట్టడానికి లేదు, చిన్న రాళ్ళకీ ముళ్ళకీ తట్టుకుంటాయి. తొలి వానకి తారు మీద దుమ్ము, నూనె కలిసి జిగురైనప్పుడు మాత్రం మెత్తని టైరుకన్నా ముందు జారతాయి. మూడు, నాలుగేళ్ళు దాటాక ఈ లోపం ఇంకా పెరుగుతుంది. గట్టి రబ్బరు ఇంకా గట్టిపడుతుంది కదా.

*సర్దుబాటు రకం.* ఎంఆర్ఎఫ్ జడ్‌వీటీవీ, అపోలో ఆల్నాక్ 4జి, సియట్ సెక్యూరాడ్రైవ్, యోకోహామా ఎర్త్-1 లాంటివి ఈ గుంపులో పెట్టుకోవచ్చు. పట్టు, నిశ్శబ్దం, అరుగుదల మధ్య రాజీ. మొదటి రకం కంటే రేటు కొంత ఎక్కువ, కిలోమీటర్లు కొంత తక్కువ.

ఈ రెండు రకాల మధ్యే ఎక్కువమంది ఊగిసలాడతారు గనక లెక్క వేద్దాం. ఉదాహరణకి మొదటి రకం టైరు 4,000 రూపాయలు, 60,000 కి.మీ. వస్తుందనుకోండి. నాలుగు టైర్లకి కిలోమీటరుకి 27 పైసలు. రెండో రకం 4,800 రూపాయలు, 45,000 కి.మీ. అనుకుంటే 43 పైసలు. తేడా 16 పైసలు. ఏడాదికి 50,000 కి.మీ. తిరిగే టాక్సీకి అది 8,000 రూపాయలు, ఓనరుకి లెక్కే. 6,000 కి.మీ. తిరిగే ఇంటి కారుకి కాగితం మీద 960 రూపాయలు, నిజానికి అంత కూడా కాదు, రెండు టైర్లూ అరగకముందే ముసలివైపోతాయి గనక. ఆరేళ్ళకి మార్చేస్తే వాళ్ళకి మిగిలే తేడా కొన్ననాటి 3,200 రూపాయలే, ఏడాదికి 530 చొప్పున. నెలకి నలభై అయిదు రూపాయలకి వానలో ఆ మూడున్నర ఆల్టోల జాగా వస్తుందంటే బేరం ఆడక్కర్లేదు.

*మైలేజీ పెంచేవి.* కొత్త కారుతో వచ్చే కంపెనీ టైర్లు చాలావరకు ఈ జాతివి. బ్రిడ్జ్‌స్టోన్ ఈకోపియా, సియట్ ఫ్యూయల్‌స్మార్ట్ కూడా ఈ దారివే. తేలిగ్గా దొర్లుతాయి. దొర్లే నిరోధం పది శాతం తగ్గితే పెట్రోలు సుమారు ఒకటి, రెండు శాతం మిగులుతుంది. లీటరుకి 18 కి.మీ. ఇచ్చే కారు 6,000 కి.మీ. తిరిగితే 333 లీటర్లు తాగుతుంది. ఒకటిన్నర శాతం అంటే ఏడాదికి అయిదు లీటర్లు. అంతకోసం ఎగబడనక్కర్లేదు. ఫ్రిజ్జుల మీద ఉన్నట్టు టైర్ల మీదా ఇప్పుడు నక్షత్రాల లేబుల్ కనిపిస్తోంది. ఆ నక్షత్రాలు ఇంధన పొదుపుకి గుర్తు. తడి రోడ్డు మీద బాగా ఆగుతుందని వాటి అర్థం కాదు, షాపాయన అలా చెప్పినా.

*పేరు తెలియని చవక టైర్లు.* 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిపై ఆంక్షలు పెట్టాక చైనా సరుకు బాగా తగ్గింది. ఇప్పటికీ ఎవరైనా చాలా చవకగా చూపిస్తే అది ఎప్పటి సరుకో ముందు చూడండి. మన దేశంలో అమ్మే కారు టైరు మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 15633 అన్న సంఖ్య ఉండి తీరాలి. లేకపోతే రేటు అడగడం కూడా అనవసరం. గుర్తు ఉండి, తేదీ కొత్తదై, బిల్లు ఇస్తే చిన్న కంపెనీ టైరైనా ఊళ్ళో తిప్పే చిన్న కారుకి పనికొస్తుంది. ఘాటు ఎక్కే కారుకి వద్దు.

*విప్పిన టైర్లు, పాతవి, రీసోల్.* వీటిని ఒకే గాటన కట్టకూడదు. కొత్త కారు కొన్న వారానికే అల్లాయ్ రిమ్ములు, వెడల్పు టైర్లు వేయించుకునేవాళ్ళు వదిలేసిన కంపెనీ టైర్లు పెద్ద షాపుల్లో మూలన ఉంటాయి. అచ్చు పోసినప్పటి సన్నని రబ్బరు వెంట్రుకలు కూడా రాలకుండా ఉంటాయి. సైజు కుదిరి, తేదీ కొత్తదైతే తక్కువ డబ్బుకి దీనికి మించిన బేరం లేదు. వారంటీ మాత్రం ఉండదు. సగం అరిగిన పాత టైర్లు వేరే సంగతి: లోపల తెగిన దారం బయటికి కనపడదు, గాలి లేకుండా ఎంత దూరం నడిపారో ఎవరూ చెప్పరు. లోపలి వైపు చెయ్యి పెట్టి తడిమితే నల్లపొడి రాలుతోందంటే గాలి లేకుండా నడిపినట్టే, వదిలేయండి. రీసోల్, అంటే అరిగిన టైరుకి కొత్త ట్రెడ్ అతికించినది, కారుకి వద్దే వద్దు. లారీ, బస్సు టైర్ల మూలకట్టు మళ్ళీ ట్రెడ్ వేయించుకోవడానికి తగ్గట్టు చేసినది, కారుది కాదు.

| రకం | తడి పట్టు | ఎన్నాళ్ళు | చప్పుడు | ఎవరికి |
|---|---|---|---|---|
| ఎక్కువ కాలం వచ్చేవి | మధ్యస్థం | బాగా ఎక్కువ | కొంచెం ఎక్కువ | టాక్సీ, ఏడాదికి 25,000 కి.మీ. పైన |
| సర్దుబాటు రకం | మంచిది | మధ్యస్థం | తక్కువ | ఇంటి కారు, ఘాట్లు, హైవే |
| మైలేజీ పెంచేవి | టైరుని బట్టి | మధ్యస్థం | తక్కువ | ఎక్కువగా హైవే మీదే తిరిగేవాళ్ళు |
| చిన్న కంపెనీవి | నమ్మలేం | నమ్మలేం | ఎక్కువే | ఊళ్ళో తిప్పే చిన్న కారు |
| కొత్త కారు నుంచి విప్పినవి | అసలు టైరుని బట్టి | దాదాపు కొత్తదంత | తక్కువ | బేరం తెలిసినవాళ్ళు |

ఎవరి రోడ్డుకి ఏది

బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్ చుట్టూ తిరుగుతూ నెలకోసారి శ్రీకాకుళం, విశాఖ వెళ్ళే ఇంటి కారుకి సర్దుబాటు రకమే. అటూ ఇటూ ఆలోచించే పని లేదు.

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ మధ్య రోజూ తిరిగే ఉద్యోగస్తులు ముందు పక్క ఎత్తు చూసుకోవాలి. కారుకి ఇచ్చిన సైజుల్లో 80, 70 శ్రేణి ఉంటే దాన్నే పట్టుకోండి. కంపెనీ ఏదన్నది ఆ తర్వాత.

రాయగడ నుంచి పార్వతీపురం, కోరాపుట్ నుంచి విజయనగరం బాడుగలు వేసే టాక్సీకి ఎక్కువ కాలం వచ్చే టైరే గిట్టుబాటు. ఏడాదీ ఏడాదిన్నరలో అరిగిపోతుంది గనక రబ్బరు ముసలిదయ్యే భయం కూడా లేదు. తడి పట్టు తక్కువన్నది వేగంతో సర్దుకోవాలి. సాలూరు, సుంకి మధ్య దిగేటప్పుడు బ్రేకు మీద కాలేసి దిగకుండా ఎక్కిన గేరులోనే దిగండి. బ్రేకు డ్రమ్ముల వేడి రిమ్ముకీ, అక్కణ్ణుంచి టైరు అంచుకీ పాకుతుంది.

ఏడాదికి 3,000 కి.మీ. కూడా తిరగని కారుంటుంది, ఎక్కువగా రిటైరైనవాళ్ళది, షెడ్డులోనే ఉంటుంది. వీళ్ళు గీతలు చూసి "ఇంకా కొత్తగానే ఉన్నాయి" అనుకుంటారు. వీళ్ళకి శత్రువు వయసు ఒక్కటే. సర్దుబాటు రకంలో చవకది, తేదీ బాగా కొత్తది తీసుకుని, నెలకోసారైనా పది కి.మీ. తిప్పాలి. ఒకే చోట నిలబడ్డ టైరుకి కింద చదును మచ్చ పడి, తర్వాత స్టీరింగు వణుకుతుంది.

డబ్బు రెండింటికే ఉంటే

నాలుగూ ఒకేసారి మార్చడం అందరికీ కుదరదు. రెండే మారిస్తే కొత్తవి వెనక వేయించండి. మన కార్లు ఎక్కువగా ముందు చక్రాలతో లాగుతాయి గనక కొత్తవి ముందే వేయాలని షాపులో గట్టిగా వాదిస్తారు. ముందు టైర్లు జారితే బండి తిన్నగా పోతుంది, కాలు తీస్తే చాలావరకు దారిలోకొస్తుంది. తడి మలుపులో వెనక టైర్లు జారితే బండి గిర్రున తిరుగుతుంది. దాన్ని సర్దడం మామూలు డ్రైవరు వల్ల కాదు. ముందు వేయాల్సినవి మిగిలిన పాతవాటిలో మంచి రెండు. అవి మరీ బోడివైతే నాలుగూ మార్చాల్సిన రోజు వచ్చినట్టే.

షాపు దగ్గర

పక్క మీద డాట్ (DOT) అన్న అక్షరాల తర్వాత, చివర నాలుగు అంకెలుంటాయి. 2325 అంటే 2025లో 23వ వారం తయారైనది. ఆర్నెల్ల లోపుదైతే మంచిది, ఏడాది దాటితే రేటు తగ్గించమనండి, రెండేళ్ళు దాటితే వద్దనండి. ఈ నాలుగు అంకెలు టైరుకి ఒక పక్కే ఉండొచ్చు, రెండో పక్క తిప్పి చూడండి. నాలుగు టైర్లవీ విడివిడిగా చూడాలి, రెండు కొత్తవి, రెండు పాతవి కలిపి ఇచ్చే అలవాటు ఉంది. చిన్న ఊళ్ళో తక్కువగా పోయే సైజులు అరల మీద నిలవుంటాయి. పర్లాకిమిడివాళ్ళు పాతపట్నం వైపు, రాయగడవాళ్ళు పార్వతీపురం వైపు కూడా వాకబు చేసేది అందుకే కావాలి. పన్ను తేడా కోసం సరిహద్దు దాటే రోజులు 2017లో జీఎస్టీతో పోయాయి. పన్ను రేటు రెండు వైపులా ఒకటే, 2025 సెప్టెంబరు 22 నుంచి కారు టైర్ల మీద అది 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత ధరల కాగితం చూపిస్తే ఆ సంగతి గుర్తు చేయండి. బిల్లు మీద టైర్ల నంబర్లు రాయించుకోండి. తయారీ లోపానికి వారంటీ ఉంటుంది, మిగిలిన ట్రెడ్‌ని బట్టి డబ్బు తగ్గించి కొత్తది ఇస్తారు. గోతి దెబ్బకి వచ్చిన ఉబ్బు మామూలు వారంటీలోకి రాదు.

బిగించేటప్పుడు దగ్గరుండి చూడండి. రిమ్ము అంచున తుప్పు, పాత రబ్బరు గీకాలి, లేకపోతే ట్యూబ్‌లెస్ టైరు వారానికి రెండు, మూడు పీఎస్ఐ దిగుతూనే ఉంటుంది, పంక్చరు దొరకదు. గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలికి స్టీలు రిమ్ముల మీద ఈ తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. రబ్బరు వాల్వు తప్పకుండా కొత్తది వేయించండి, టైరు ధర ముందు దాని ఖర్చు ఎంతని. టైరు మీద పసుపు చుక్క ఉంటే అది వాల్వు పక్కకి రావాలి, బ్యాలెన్సింగ్ సీసం తక్కువ పడుతుంది. బయటి వైపు అనో, తిరిగే దిక్కు బాణమో ఉంటే దాని ప్రకారం పెట్టారా చూడండి. ఆ తర్వాత నాలుగు చక్రాలకీ బ్యాలెన్సింగ్, అలైన్‌మెంటు. అలైన్‌మెంటు ఎగ్గొడితే కొత్త టైరు లోపలి అంచు కొన్ని వేల కిలోమీటర్లకే గుండైపోతుంది, బయట నుంచి చూస్తే కొత్తగానే ఉంటుంది. 50, 100 కి.మీ. తిరిగాక నట్లు మరోసారి బిగించి చూసుకోండి.

నైట్రోజన్ ఎక్కించమంటారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. ఉచితంగా ఇస్తే తీసుకోండి.

వేయించాక

మొదటి 150, 200 కి.మీ. గట్టి బ్రేకులు, వేగపు మలుపులు వద్దు. అచ్చు నుంచి ఊడిరావడానికి పూసిన నూనె పొర ఇంకా ట్రెడ్ మీద ఉంటుంది.

గాలి పొద్దున్నే, బండి తీయకముందు, స్టిక్కరు మీద రాసినంత. చిన్న కార్లకి మామూలుగా 30 నుంచి 33 పీఎస్ఐ మధ్య ఉంటుంది, అయిదుగురూ సామానూ ఉంటే వెనక టైర్లకి వేరే అంకె ఇచ్చి ఉంటారు. నడిపాక వేడికి మూడు, నాలుగు పీఎస్ఐ పెరుగుతుంది. హైవే మీద బంకులో ఆగి, ఎక్కువైందని అది తీసేయించడం పెద్ద పొరపాటు, చల్లారాక తక్కువైపోతుంది. "ఎండాకాలం కదా, రెండు తక్కువ పెట్టండి" అనడమూ అంతే. గాలి తక్కువైతే పక్క గోడ ఎక్కువ వంగుతుంది, ఎక్కువ వంగితే ఎక్కువ వేడెక్కుతుంది. మే నెలలో టైర్లు పేలేది ఎక్కువగా తక్కువ గాలితోనే.

అరుగుదల చూస్తే తప్పెక్కడుందో తెలుస్తుంది. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, మధ్యలో అరిగితే ఎక్కువ, ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంటు, గుంటలు గుంటలుగా అరిగితే షాకబ్సార్బర్లో, బ్యాలెన్సింగో. ఎనిమిది, పది వేల కి.మీ.కి ఒకసారి టైర్ల చోట్లు మార్పిడి చేయించండి. ముందు చక్రాలతో లాగే కారుకి ముందువి తిన్నగా వెనక్కి, వెనకవి అడ్డంగా ముందుకి. బాణం గుర్తున్న టైర్లని మాత్రం పక్క మార్చకండి.

ట్రెడ్‌లో 6 మి.మీ. లోపు రంధ్రమైతే అతుకుతుంది. సూదితో దోపే స్ట్రిప్పు దారి దాటడానికి చాలు, ఊరు చేరాక టైరు విప్పించి లోపలి నుంచి పుట్టగొడుగు ప్యాచ్ వేయించండి. పక్క గోడలో మేకు దిగితే ఏ ప్యాచూ నిలవదు. ఇక డిక్కీలోని స్టెప్నీ. దాని తేదీ కూడా ఆ నాలుగు అంకెల్లోనే ఉంటుంది, ఎవరూ చూడరు. నాలుగు కొత్తవి వేయించిన రోజే దాన్ని కూడా బయటికి తీసి, గాలి మూడు పీఎస్ఐ ఎక్కువ పెట్టించి, జాకీ, పానా ఉన్నాయో లేదో చూసి మళ్ళీ పెట్టండి.